గింజల పెత్తనం మహిళా సంఘాలదే!

రేషను కార్డు ఎవరికివ్వాలో సర్కారు ఆఫీసు తేలుస్తుంది. జహీరాబాదు ప్రాంతపు పల్లెల్లో 1990 దశకంలో ఆ లెక్క ఊరివారే తేల్చారు. నేలమీద ఊరి పటం గీసి, ఏ ఇంట తిండికి ఎంత కటకటో అందరి ఎదుట చెప్పించారు. భూమి లేని ఇల్లు, మగదిక్కు లేని ఇల్లు ముందు వరుసలోకొచ్చాయి. నలుగురి ముందు చెప్పే లెక్కలో దొంగ పేరు దూర్చడం కష్టమే మరి!

పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పూనికతో సాగిన పనియిది. పడావుపడ్డ చెలకలున్న రైతులకు దుక్కికి, ఎరువుకు అప్పిచ్చారు. వారు దాన్ని జొన్నల రూపంలో తీర్చారు. ఆ గింజలను ఊళ్లోనే నిల్వచేసి, వానాకాలం తిండికి తిప్పలుపడే రోజుల్లో పేద ఇళ్లకు చౌకగా అమ్మారు. ఎవరికి ఎంతన్నది సంఘం మహిళలే చూసుకున్నారు. వారిలో ఎక్కువమంది దళితులు, బడి మొహం చూడనివారు.

సొసైటీని నడిపిన పి.వి.సతీష్, చిరుధాన్యాల జాతీయ వేదిక ‘మిల్లెట్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియా’కూ సారథి. రేషనులో చిరుధాన్యాలుండాలని ఆ వేదిక పట్టుబట్టింది. 2013 ఆహార భద్రతా చట్టంలో వాటికి చోటు దక్కింది. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. జొన్నరొట్టె తినే ఈ సీమలో రేషను సంచిలో పడేది మాత్రం ప్రధానంగా బియ్యమే.