నీటినేలపై నిప్పు

అడవికి అగ్ని శత్రువని మనము వినుచుందుము. అది అన్ని అడవులకును చెల్లు మాట కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఫ్లోరిడా మొదలు ఉత్తర కరొలీనా వరకు గల తీరమైదానములందు ఒక విచిత్రమైన నేల కలదు. వర్షకాలమున అచ్చట నీరు ఇంకక నేలమీదనే నిలుచును. అయినను మే నెలలో తొలి ఉరుములతో పిడుగు పడినచో, ఆ నేలమీది ఎండుగడ్డి భగ్గున మండును. దూరదూరముగా నిడుపాకు పైను చెట్లు, వాని క్రింద మోకాలెత్తు గడ్డి, గడ్డి నడుమ పురుగులను పట్టి తిను కూజా మొక్కలు అచ్చట కానవచ్చును. చెట్లు పలుచగానున్న ఇట్టి గడ్డిబయళ్లను సవన్నాలందురు.

రెండు మూడేండ్ల కొకమారు అచ్చట మంట వచ్చుట పూర్వపు రివాజు. పిడుగు ముట్టింపనిచోట ఆదిమవాసులు ముట్టించెడివారు. ఆ మంట పొదల కొమ్మలను కాల్చును గాని ప్రాణము తీయదు. తడిమన్ను వేళ్లను కాపాడును. కొన్ని వారములకే మొదటినుండి చిగుళ్లు లేచును. వేరులో దాచుకొన్న పిండిపదార్థమును వెచ్చించి పొద వానిని లేపినది. అది మరల కూడబెట్టుకొనకముందే మరొక మంట వచ్చును. కావున పొద చావక, పెరుగక, గడ్డి యెత్తుననే నిలిచిపోవును. చలికాలపు మంటకంటె ఎదుగుదల కాలపు మంట దానిని ఎక్కువ క్రుంగదీయును. అప్పటికి వేరులోని నిలువ చాలవరకు ఆకులకు చేరియుండును గదా!

పైను మొక్క ఉపాయము వేరు. మొలచిన పిదప కొన్ని యేండ్లవరకు అది గడ్డికుదురువలె నేలనంటియే యుండును. మంటలో సూదులవంటి ఆకులు మాడినను, వాని నడుమనున్న మొగ్గ బ్రతుకును. ఈలోపున వేరు బలిసి, ఆ మొక్క ఒక్క ఉదుటున పెరిగి, మంట కందనంత ఎత్తునకు తలనెత్తును.

ఇరువదవ శతాబ్దారంభమున అటవీ సంస్థలు ఈ మంటను మాన్పబూనినవి. 1928 నుండి 1931 వరకు బండ్లపై ఊరూర చలనచిత్రములు చూపి, అడవిని కాల్చరాదని బోధించిరి. ఉద్దేశము మంచిదే. కాని మంట ఆగినచోట పొదలు మనిషెత్తు దాటి గుబురులైనవి. వాని నీడలో గడ్డి సన్నగిల్లెను. కూజా మొక్కలు క్షీణించెను. పైను గింజ మొలచుటకు బోడినేల కరవాయెను. మునుపు గడ్డిని మాత్రము తిని చల్లారెడి మంట, పేరుకొన్న పొదల నందుకొని పెద్దచెట్లనే దహింపసాగెను.

కౌజుపిట్టలను పరిశీలించిన హెర్బర్ట్ స్టాడర్డ్ 1931లో ప్రకటించిన గ్రంథమున ఈ అడవులకు మంట అవసరమని వాదించెను. 1943లో అటవీ శాఖ దక్షిణపు పైను అడవులలో పద్ధతి ప్రకారము కాల్చుటకు అనుమతించెను. అప్పటికే చాల నష్టము జరిగిపోయినది. ఒకప్పుడు సుమారు 9 కోట్ల ఎకరములు వ్యాపించిన నిడుపాకు పైను అడవి, నరుకుటవలనను, సాగువలనను, మంట లేమివలనను ఆ శతాబ్దాంతమునకు నూటికి అయిదు వంతులైనను మిగులలేదు.

నేడు ఫ్లోరిడాలోని అపలాచికోలా అడవి మొదలగు చోట్ల గాలివాటము, నేలతేమ చూచి, హద్దులేర్పరచి కాల్చుచున్నారు. ఏండ్ల తరబడి ఎదిగిన గుబురు ఒక్క మంటకు లొంగదు. అడుగున గడ్డి లేనందున మంట సాగనే సాగదు. అట్టిచోట ముందుగా యంత్రములతో పొదలను నరికి, పిమ్మట రెండు మూడేండ్ల కొకమారు విడువక నిప్పుపెట్టుదురు.