గురిగింజ ఎత్తు మందు

తుపాకి పేలి, గుండు బయటికి పోయాక మిగిలే ఇత్తడి తొడుగును ఏం చేస్తారు? పారేస్తారనే మనం అనుకుంటాం. కాని అమెరికాలో చాలామంది పారేయరు. ఏరి, సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటారు. మన ఇళ్ళలో ఊరగాయ జాడీలు కడిగి మళ్ళీ నింపుకున్నట్టే, వారు ఆ తొడుగులను శుభ్రం చేసి మళ్ళీ తూటాలు కట్టుకుంటారు. గురి పందేలలో వందలకొద్దీ తూటాలు కాల్చేవారికి ఇందులో కొంత ఆదా, కొంత సరదా.

తూటాలో ఉండేవి నాలుగే వస్తువులు: ఇత్తడి తొడుగు, దాని అడుగున పిల్లలు పేల్చే కేపులాంటి ప్రైమరు, లోపల మందు, మూతిమీద గుండు. కొత్తగా నేర్చుకునేవాడు ముందు తొడుగులకు పగుళ్ళున్నాయేమో చూస్తాడు. పేలినప్పుడు ఉబ్బిన తొడుగును చేతిమరలో నొక్కి తిరిగి కొలతకు తెస్తాడు. పాత ప్రైమరును ఊడదీసి కొత్తది అమర్చి, మందు పోసి, గుండు బిగిస్తాడు. వినడానికి ఇంతే! పెద్ద గండమంతా ఆ మందు పోయడంలోనే ఉంది.

ఈ మందును గ్రెయిన్లలో తూస్తారు. మన పాత తులానికి 180 గ్రెయిన్లు. గురిగింజ ఎత్తు రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. పిస్తోలు తూటాలు చాలావాటికి రెండు మూడు గురిగింజల ఎత్తు మందు చాలునంటే నమ్ముతారా?

1898 ప్రాంతంలో పుట్టిన పాయింట్ 38 స్పెషల్ తూటానే చూడండి. దాని తొడుగు నల్లమందు రోజులనాటి కొలతది. ఇప్పటి మందు అందులో అడుగునే ఉండిపోతుంది. పరధ్యానంలో రెండోసారి పోసినా పొంగిపొరలదు. గుండు బిగించాక పైకి తెలియనే తెలియదు. పేల్చిననాడు రివాల్వరే ముక్కలు కావచ్చు. అసలు పోయడమే మరిచిపోతే ఇంకొక చిక్కు. ప్రైమరు ఊపుకే గుండు కదిలి తుపాకి గొట్టంలో ఇరుక్కుంటుంది. "టుప్"మన్న చిన్న చప్పుడు వినగానే ఆగిపోవాలి. ఆగక ఇంకొకటి పేలిస్తే గొట్టం పగులుతుంది.

అందుకే అనుభవజ్ఞులు కొన్ని నియమాలు పెట్టుకున్నారు. బల్లమీద ఒక్క రకం మందు డబ్బాయే ఉండాలి. కొలత అచ్చుపుస్తకంలోనిదే కావాలి, అదీ అందులోని కనిష్ఠంతోనే మొదలుపెట్టాలి. రేడియో కట్టేయాలి, కబుర్లు మానాలి. మందు పోసిన తొడుగులను వరసగా నిలబెట్టి, దీపం వెలుతురులో ఒక్కొక్కదానిలోకి తొంగిచూడాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. సిగరెట్టు దరిచేరరాదు. ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది కనుక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టరాదు, పసిపిల్లలను ఎత్తుకోరాదు.

మన దేశంలో మాత్రం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఆ దేశంలో ఉన్న మన కుర్రాళ్ళెవరైనా ఈ సరదాలో దిగితే, ముందు బాగా తెలిసినవారి పక్కన కూర్చుని నేర్చుకోమని చెప్పండి.

కూరలో ఉప్పు రెండుసార్లు పడితే ఇంటిల్లిపాదీ నవ్వి ఊరుకుంటాం. అక్కడ మందు రెండుసార్లు పడితే నవ్వడానికి మనిషి మిగలకపోవచ్చు సుమండీ!