మెదడు చుట్టు రక్తము చేరుట – కారణములు



క్రిందటి సభ్యుల సమావేశము ముగిసిన తరువాత మనవారొకరు తమ తండ్రిగారి సంగతి చెప్పి, “కార్యదర్శిగారూ, దెబ్బ తగిలినది వినాయక చవితినాడు. మాట తడబడినది నెల నిండిన తరువాత. ఇంత ఆలస్యముగా దెబ్బ పనిచేయునా?” అని అడిగిరి.

పనిచేయును. ఆ పెద్దాయన మగ్గపు గుంతలోనుండి లేచుచు పైకొయ్యకు తల కొట్టుకొనిరి. బొప్పియైనను సరిగా కట్టలేదు. ఇంటివారు పసుపు పెట్టి మరచిపోయిరి. మూడు వారములకు తలనొప్పి, పగటిపూట మగత, నడకలో తూలుట మొదలైనవి. వయసు మీదపడినదనుకొనిరి. తుదకు స్కాను తీయగా మెదడు మీద రక్తము పేరుకొని యున్నది. శస్త్రచికిత్స జరిగి ఆయన ఇప్పుడు ఇంట కూర్చుండి కండెలు చుట్టుచున్నారు. నేను వైద్యుడను కాను. చదివి, డాక్టర్లనడిగి తెలిసికొన్నది వ్రాయుచున్నాను.

పుర్రె లోపల మెదడును మూడు పొరలు కప్పి యున్నవి. రక్తము ఏ పొరల నడుమ చేరినదో దానినిబట్టి జబ్బు తీరు మారును.

వయసు పెరిగిన కొలది మెదడు కొంత కుంచించుకొనును. అప్పుడు మెదడునుండి పై పొరకు పోవు సన్నని సిరలు బిగబట్టిన పడుగు పోగులవలె సాగి యుండును. బిగిసిన పోగు కొద్దిపాటి తాకిడికే తెగునని మనకొకరు చెప్పనక్కరలేదు. ఆ రక్తము మెల్లమెల్లగా చేరును గనుక వారములు పట్టును. మద్యము ఎక్కువగా త్రాగువారికి, గుండెజబ్బుకై రక్తము పలుచబరచు మాత్రలు వాడువారికి ఈ భయము ఎక్కువ. మైసూరులో తెలుగు కుటుంబమున పుట్టిన జగ్గీ వాసుదేవ్‌గారు 2024లో కొన్ని వారములు తీవ్రమైన తలనొప్పితోనే కార్యక్రమములు సాగించిరి. ఆ మార్చిలో ఢిల్లీ అపోలో ఆసుపత్రిలో మెదడు మీది రక్తము తీయవలసి వచ్చినది. అంతటివారే తలనొప్పిని ఓర్చుకొన్నప్పుడు మనవాళ్లను ఏమనగలము?

రెండవ రకమునకు దెబ్బతో పనిలేదు. మెదడు అడుగున రక్తనాళము చీలికలైన చోట గోడ బలహీనపడి, పాత సైకిలు ట్యూబువలె బుడగగా ఉబ్బును. ఒకనాడు అది పగులును. దెబ్బ లేకుండ మెదడు చుట్టు జరుగు రక్తస్రావములలో నూటికి సుమారు 80 ఇట్టివే. జన్మలో ఎరుగని తలనొప్పి క్షణములలో వచ్చును. వాంతి, మెడ బిగియుట, స్పృహ తప్పుట కూడ ఉండవచ్చును. తరచుగా 40 నుండి 60 ఏండ్ల నడుమ, పురుషులకంటె స్త్రీలకు కొంత హెచ్చుగా వచ్చును. తోబుట్టువులలోగాని, తల్లిదండ్రులలోగాని ఇద్దరికి ఇది వచ్చియున్న యెడల, వంశమున మూత్రపిండములలో నీటితిత్తులు పెరుగు జబ్బున్న యెడల డాక్టరుకు ముందే చెప్పవలెను.

ఇవి మన చేతిలో లేనివి. చేతిలోనున్నవి పొగ, మద్యము, రక్తపోటు. మగ్గము దిగిన ప్రతిసారి బీడీ వెలిగించు అలవాటు నాకును పదిహేనేండ్లుండెను. రక్తపోటు 140/90 దాటినను నొప్పి తెలియదు. అందుచేతనే మాత్రల పట్టీ అయిపోగానే మనవాళ్లు మానివేయుదురు.

ఇక కుర్రవాళ్ల సంగతి. హెల్మెట్టు లేక బండిమీదనుండి పడి, లేచి చక్కగా మాటలాడి, కొన్ని గంటలకు స్పృహ తప్పువారు కలరు. పుర్రె ఎముక పగిలి దాని క్రింది నాళము తెగుటచే ఇట్లగును. ఆ రాత్రి ఒంటరిగా పడుకోనీయరాదు.

పైవానిలో ఏది కనబడినను 108కి ఫోను చేయవలెను. ఔరాదునుండి బీదరు సుమారు 40 కిలోమీటర్లు, తెల్లవారనిమ్మని ఆగరాదు. తలనొప్పికని ఆస్పిరిను ఇయ్యరాదు. గుండెజబ్బు మాత్రలు వాడువారు వానిని తమంతట తాము మానరాదు. చీటీ వెంట తీసికొనిపోయి డాక్టరుకు చూపవలెను.

వచ్చే నెల కూలి పంపిణీనాడు సంఘ కార్యాలయమున రక్తపోటు చూచు ఏర్పాటు చేయుచున్నాము. ఇంటిలోని పెద్దవారిని, ఆడవారిని కూడ తీసికొనిరండి. ఇటీవల తలకు దెబ్బ తగిలిన వారుంటే ఆ తేదీ ఒక కాగితము మీద వ్రాసి తెండి.