పెరటి చెత్త ఎత్తిస్తున్నారా? బేరం మీరే ఆడండి!

ఉద్దానం వైపు ఇల్లంటే నాలుగు గదులూ ఓ వసారా కాదు. ఇంటి ముందు ఎంత జాగా ఉంటుందో వెనకాల అంతకి నాలుగింతలు పెరడుంటుంది. అందులో కొబ్బరి చెట్లు, ఓ పనస, ఓ మామిడి, మునగ, కాస్త అవతలికెళితే జీడితోట. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఎటు వెళ్ళినా ఇదే వరస. ఉద్యానవనం అన్న మాటే నలిగి నలిగి ఉద్దానం అయిందని పెద్దవాళ్ళు చెబుతారు. వినడానికి ఎంత బావుందో! కానీ ఆ ఉద్యానవనాన్ని రోజూ చీపురు పట్టుకుని ఊడ్చే ఇల్లాలిని అడగండి, అసలు సంగతి ఆవిడ చెబుతుంది.

కొబ్బరి చెట్టు నెలకి ఇంచుమించు ఒక మట్ట రాలుస్తుంది. అంటే ఏడాదికి 12. పెరట్లో పది చెట్లుంటే 120 మట్టలు! ఇవి గాక పాళలు, గెలల కాడలు, పీచు, చిప్పలు. ఒకప్పుడు సగం నీళ్ళపొయ్యిలోకి పోయేవి. గ్యాసు వచ్చాక ఆ ఖర్చూ తగ్గిపోయింది. దాంతో గోడవారన గుట్ట పెరుగుతూ పోతుంది. దసరాకో సంక్రాంతికో ఇల్లు దులిపినప్పుడు 'ఈసారి ఎలాగైనా ఎత్తించెయ్యాలి' అనుకుంటాం. ఇంటాయనకి చెబితే 'ఆదివారం చూద్దాం' అంటారు. ఆ ఆదివారం ఎప్పుడొస్తుందో మనకి తెలియనిదా!

పైగా ఇక్కడ చాలా ఇళ్ళలో మగవాళ్ళు పని కోసం హైదరాబాదో, చెన్నయో, గల్ఫో వెళ్ళి ఉంటారు. కాబట్టి ట్రాక్టరు అబ్బాయిని పిలవడం, బేరం ఆడడం, కూలి లెక్క కట్టడం అన్నీ ఆడవాళ్ళ మీదే పడతాయి. అందుకే ఈ నాలుగు మాటలూ.

గుట్టలో ఎవరుంటారు?

చెత్త గుట్ట చూడ్డానికి మాత్రమే బాగోదనుకుంటే పొరపాటు. తేళ్ళూ పాములూ చేరేది అక్కడికే. కొబ్బరి చిప్పల్లో నిలిచిన గుక్కెడు వాన నీళ్ళు చాలు, వారం పదిరోజుల్లో డెంగీ దోమలు తయారైపోతాయి. వీటి సంగతి అందరికీ తెలుసు. తెలియక మోసపోయేది ఇంకొకటుంది. అది కొమ్ముపురుగు.

నల్లగా, తల మీద చిన్న కొమ్ముతో ఉండే ఈ పురుగు కుళ్ళుతున్న కొబ్బరి దుంగల్లో, పెంటకుప్పల్లో గుడ్లు పెడుతుంది. తెల్లటి లావుపాటి పిల్ల పురుగులు అందులోనే తిని పెరుగుతాయి. పెద్దవయ్యాక రెక్కలొచ్చి ఎగిరి నిలబడ్డ చెట్టు మొవ్వులోకి దూరతాయి. ఇంకా విచ్చుకోని లేతాకుని తొలిచేస్తాయి. ఆ ఆకు విచ్చుకున్నాక చూస్తే ఎవరో కత్తెరతో విసనకర్రలా కోసినట్టుంటుంది. మీ పెరట్లో చెట్టుకి అలాంటి ఆకు కనబడిందంటే పైకి కాదు, ముందు కిందకి చూడండి. దగ్గర్లోనే ఎక్కడో కుళ్ళే మొద్దు ఉంటుంది. అది మీది కాకపోతే పక్కింటివారిది.

కన్నకొడుకు చూడకపోయినా కొబ్బరిచెట్టు చూస్తుందని మన సామెత. నాటిన పొడుగు రకం మొక్క కాపుకి రావడానికి 6, 7 ఏళ్ళు పడుతుంది. అలాంటి చెట్టుని ఓ కుళ్ళిన దుంగ వల్ల పోగొట్టుకోవడం న్యాయమా చెప్పండి.

తిత్లీ నాటి లెక్క

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, ఉండుండి 165. తిత్లీ అంటే సీతాకోకచిలుకట! ఆ పేరు పెట్టినవారిని ఏమనాలో తెలియదు. తెల్లారి తలుపు తీసిన వాళ్ళకి పెరడు కనబడలేదు, పడుకున్న చెట్లే కనబడ్డాయి. అంతకు అయిదేళ్ళ ముందు, 2013 అక్టోబరు 12న, ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటుతూ ఇటు కూడా ఓ దెబ్బ కొట్టిపోయింది. తరవాత 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి కాస్త ఉత్తరాన దాటింది. అంటే ఇది ఒక్కసారితో తీరే ముచ్చట కాదు.

తుపాను చెత్తకీ మామూలు చెత్తకీ ఒక పెద్ద తేడా ఉంది. మామూలు చెత్త ఎంత తొందరగా ఎత్తిస్తే అంత మంచిది. తుపానుకి పడిన చెట్టుని మాత్రం లెక్క రాసుకునేదాకా పంపెయ్యకూడదు. తిత్లీకి పడిన కొబ్బరి చెట్టుకి 1,500 రూపాయల పరిహారం ప్రకటించారు. 2019లో కొత్త ప్రభుత్వం దాన్ని 3,000 చేస్తామంది. లెక్కకి వచ్చినవారికి చెట్టు చూపించాలి కదా! 'ఇక్కడ ఆరు చెట్లుండేవండీ' అంటే కాగితం మీద ఎక్కదు.

గుమ్మానికీ దారికీ అడ్డంగా పడ్డవి తీయించక తప్పదు. అప్పుడు ముందు సెల్‌ఫోనుతో ఫొటోలు తీయించండి. చెట్టు మొదలూ, మొవ్వూ, వెనకాల మీ ఇల్లో నుయ్యో ఒకే ఫొటోలో కనబడాలి. తరవాత దుంగ పోయినా మొద్దు మాత్రం అక్కడే ఉంచండి. ఎన్ని పడ్డాయో తేదీతో సహా ఓ కాగితం మీద రాసి ఇద్దరు ఇరుగుపొరుగుల చేత సంతకం పెట్టించి ఉంచుకుంటే ఇంకా నయం. తోట పాసుపుస్తకం ఎప్పుడో పోయిన మామగారి పేరునే ఉండిపోయిందా? అయితే ఆ పని తుపాను రాకముందే చూసుకోవాలి. వచ్చాక ఆఫీసుల చుట్టూ తిరగడానికి బస్సు చార్జీలే బోలెడు.

లెక్క అయిపోయిందా, ఇక ఒక్క వారం కూడా ఆలస్యం వద్దు. అక్టోబరులో పడిన దుంగని ఎండాకాలం దాకా వదిలేస్తే కొమ్ముపురుగుకి మనమే పురిటిగది కట్టించి ఇచ్చినట్టు.

ఇంకొకటి. పడిన చెట్టు కింద కరెంటు తీగ ఉంటే, కరెంటు పోయింది కదా అని ముట్టుకోనివ్వకండి. ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు! 1912కి ఫోను చేసి చెప్పి, వాళ్ళు సరేనన్నాకే పని మొదలెట్టించండి.

బేరం ఎక్కడ తెగాలి?

ట్రాక్టరు అబ్బాయి గుమ్మంలోంచే తల పెట్టి చూసి, 'అమ్మా, సూసేసినాను. మొత్తం ఎత్తేత్తాం, మీరేటీ బెంగెట్టుకోకండి' అంటాడు. బెంగ పెట్టుకోవలసింది సరిగ్గా అప్పుడే. నూతి వెనకాల, పశువులశాల పక్కన, స్నానాలగది గోడ అవతల... అంతా దగ్గరుండి తిప్పి చూపించండి. లేకపోతే సగం పని అయ్యాక 'ఇది సెప్పలేదు గదమ్మా' అని మరో రేటు మొదలవుతుంది.

బేరం రెండు రకాలు. లోడుకి ఇంతని, లేదా మొత్తం గుత్తకి ఇంతని. లోడు లెక్క అయితే ఒక కిటుకు గుర్తుంచుకోండి. కొబ్బరి మట్ట పన్నెండు పదిహేను అడుగులుంటుంది. అడ్డదిడ్డంగా పడేస్తే తొట్టి నిండేది మట్టలతో కాదు, మధ్యలో గాలితో! ఒక కూలిమనిషిని ముందురోజే పెట్టి మట్టని మూడు ముక్కలు చేయించి కట్టలు కట్టిస్తే నాలుగు లోడ్ల చెత్త రెండింటిలో పోవచ్చు. కూలి పోను మీకు మిగులే. పడిన చెట్లు చాలా ఉంటే గుత్త మేలు. కానీ అందులో ఏమేం కలిశాయో ముందే అనిపించుకోండి. రంపం మిషనుతో కోత ఎవరిది? ఎత్తుడు కూలి ఎవరిది? మొద్దు పెకలించడం ఉందా, లేదా? మొద్దుకి జేసీబీ రావాలంటే అది వేరే ఖర్చు. జేసీబీ పట్టేంత సందు మీ ఇంటికి ఉందో లేదో కూడా చూసుకోవాలి మరి.

కలప సంగతి మరీ ముఖ్యం. పనస దుంగ, మామిడి దుంగ చెత్త కాదు. ముదురు కొబ్బరి దుంగకి పైన ఉండే గట్టి చేవ వాసాలకీ దూలాలకీ పనికొస్తుంది. జీడి, సరుగుడు కొమ్మలు వంటచెరకు. అందుకని ముందు కట్టెల వ్యాపారిని పిలవండి, తరవాతే చెత్త ట్రాక్టరుని. ఇద్దరూ ఒకడే అయితే 'కట్టె నీదే, మరి కూలిలో ఎంత తగ్గిస్తావు?' అని అడగండి. అడగడానికి మొహమాటపడితే చెత్తతో పాటు పనస దుంగ కూడా వెళ్ళిపోతుంది, పైగా డబ్బిచ్చి మరీ పంపించినవాళ్ళమవుతాం.

ట్రాక్టరు పెరట్లోకి వచ్చే దారిలో సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుందో నాలుగు కర్రలు పాతి చూపించండి. మూత విరిగితే చెత్త ఖర్చుకి పదింతలు.

బయానా కొంత ఇవ్వండి, తప్పులేదు. మిగతాది మాత్రం చివరి తొట్టి కదిలి, నేల ఊడ్చాకే. ఇక తుపాను వెళ్ళిన వారంలో రేట్లు ఆకాశంలో ఉంటాయి. ఒక్కొక్కరు పిలిస్తే వాడు చెప్పిందే వేదం. అదే మన డ్వాక్రా సంఘంలోని నాలుగైదు ఇళ్ళవాళ్ళం కలిసి ఒకే రోజు పని ఇస్తామంటే దిగొస్తాడు. వాడికీ డీజిలు కలిసొస్తుంది.

పనివాళ్ళకి మంచినీళ్ళూ, మధ్యాహ్నం కాస్త నీడా ఏర్పాటు చేయండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని కూల్చిందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. దానికి కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు గానీ, ఎండలో నీళ్ళు లేకుండా పనిచెయ్యడం ఎవరికీ మంచిది కాదని అందరూ అంటున్నారు. బిందె నిండా నీళ్ళు, ఓ గ్లాసు మజ్జిగ... ఎంత ఖర్చని!

ఇంతకీ ఎక్కడ పారబోస్తాడు?

ఇది అడగడం మనం మరిచిపోతాం. మన గుమ్మం దాటితే చాలనుకుంటాం. అదే చెత్త గెడ్డలో పడి వానాకాలం నీళ్ళకి అడ్డమై మళ్ళీ మన వీధిలోకే నీళ్ళు తెస్తుంది. సముద్రం ఒడ్డున పోయించడం కూడా వద్దు. ఆ ఇసుకలో తాబేళ్ళు గుడ్లు పెడతాయి. పంచాయతీ కార్యదర్శిని, పలాస-కాశీబుగ్గలో అయితే మునిసిపాలిటీ వారిని, ఎక్కడ వెయ్యాలో అడిగి ఆ చోటే బేరంలో చెప్పండి. పెరటి చెత్తని విడిగా పోగుచేసి, స్థానిక సంస్థ చెప్పినట్టే పంపించాలనీ, ఆరుబయట కాల్చకూడదనీ 2016లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది.

కాల్చడం అన్నాను కాబట్టి... జీడిపిక్కల తొక్క కలిసిన చెత్తకి అస్సలు నిప్పు పెట్టకండి. ఆ తొక్కలోని జీడి చేతికి తగిలితేనే బొబ్బలెక్కుతుంది. పొగ కళ్ళకీ గొంతుకీ ఇంకెంత మంట! పిల్లలూ ముసలివాళ్ళూ ఉన్న ఇంట్లో అది ఒక రోజు గొడవ కాదు. ఆ చెత్త ఎత్తే మనిషికి చేతులకి రాసుకోవడానికి కాస్త నూనె ఇవ్వండి.

పడిన చెట్ల మాట అలా ఉంచి, నిలబడి ఉన్న చెట్టు కొట్టించాలంటే ముందు అనుమతి సంగతి కనుక్కోవాలి. చెట్ల నరికివేతకి 2002 నాటి వాల్టా చట్టం ఉంది. టెక్కలి దగ్గర తేలినీలాపురం ఆడవాళ్ళకి మాత్రం ఈ చట్టాలు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏటా గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. కింద ఎంత రెట్ట పడినా ఊడ్చుకుంటారు గానీ కొమ్మ జోలికి వెళ్ళరు.

అన్నీ పంపెయ్యకండి

ఈనెలు చీరి చీపుర్లు కట్టుకోవడం మీకు నేను చెప్పాలా! పీచు డొప్పల్ని మాత్రం పారెయ్యకండి. చెట్టు మొదలుకి అయిదారడుగుల దూరంలో చుట్టూ గొయ్యి తీసి, డొప్పల గుంట వైపు పైకి ఉండేలా వరసలుగా పేర్చి మట్టి కప్పితే వాన నీళ్ళని పట్టి ఉంచుతాయి, కొన్నేళ్ళ దాకా పనిచేస్తాయి. ఎండిన మట్టల్ని ముక్కలు చేసి, పేడ కలిపి, వానపాములు వదిలి ఎరువు చేసే పద్ధతిని కేరళలో కాసరగోడులోని కొబ్బరి పరిశోధన కేంద్రం తయారుచేసింది. ఆ గొయ్యిలోనే కొమ్ముపురుగు పిల్లలు కనబడితే తీసి చంపెయ్యాలి. మెటారైజియం అనే ఆకుపచ్చ బూజు మందు కలిపితే వాటికి జబ్బు చేసి చస్తాయి. ఉద్యానశాఖ వారిని అడగండి. లేత చెట్ల మొవ్వు చుట్టూ ఉన్న మట్టల మొదళ్ళలో మూడు నాలుగు కలరా ఉండలు వేసి సన్నటి ఇసుక కప్పడం మరో ఉపాయం. నెలన్నరకోసారి మళ్ళీ వెయ్యాలి.

పడిపోయిన కొబ్బరి చెట్టుని చూసి కళ్ళు తుడుచుకున్నాక, మొవ్వు మాత్రం కోయించి తెచ్చుకోండి. పైపొరలన్నీ ఒలిస్తే లోపల తెల్లగా, బాదంపప్పులా తియ్యగా ఉంటుంది. పచ్చిదే ముక్కలు చేసి పిల్లలకి పెట్టొచ్చు. కూరకైతే ముక్కల్ని పల్చటి మజ్జిగలో వెయ్యండి, లేకపోతే నల్లబడతాయి. నానిన పెసరపప్పుతో కలిపి కాస్త ఉప్పు, పసుపు వేసి ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, దింపాక నిమ్మకాయ పిండండి. చెట్టు పడిన రోజో మర్నాడో చేసుకోవాలి. మూడోనాటికి మొవ్వు పులుస్తుంది.