స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ – మామూలు మనిషికి పనికొస్తుందా?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం దగ్గర పొద్దున్నే నిలబడితే మన రాష్ట్రమంతా అక్కడే కనిపిస్తుంది. ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్లు, పాలమూరు నుంచి వచ్చినవాళ్లు, చేతిలో టిఫిన్ డబ్బా, వీపున సంచీ. ఆ సంచిలో పుస్తకాలతో పాటు ఈమధ్య ఒక లాప్‌టాప్ కూడా వుంటున్నది. అది చాలాసార్లు కొత్తది కాదు. అన్న వాడి వదిలేసిందో, సెకండ్‌హాండ్‌లో కొన్నదో అయివుంటుంది. అశోక్‌నగర్ గదుల్లో ముగ్గురికి కలిపి ఒకటే వున్న సందర్భాలూ నాకు తెలుసు.

నా గదిలో వుండే మిత్రుడిదీ అలాంటిదే. 2014లో కొన్న యంత్రం, 4 జీబీ మెమరీ. దాంట్లో వున్న విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కంపెనీ మామూలు మద్దతు ఆగిపోయింది. ఏడాదిపాటు పొడిగించుకునే పద్ధతి ఒకటి పెట్టినా, అది వాయిదాయే గాని పరిష్కారం కాదు. విండోస్ 11 వేసుకుందామంటే యంత్రం ఒప్పుకోలేదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కంపెనీ ఆమోదించిన కొత్త తరం ప్రాసెసరు వుండాలి. మావాడు రిపేరు షాపుకు పట్టుకుపోతే అక్కడ ఒక్క ముక్కలో తేల్చేశారు: “ఇది ఇగ నడవది తమ్మీ, కొత్తది తీస్కో.”

కొత్తది అంటే ముప్ఫై, నలభై వేలు. వాళ్ల నాన్న కౌలు రైతు. ఆ రాత్రి మా గదిలో జరిగిన చర్చే ఈ వ్యాసానికి మూలం. స్క్రీన్ బాగుంది, కీబోర్డు బాగుంది, బాటరీ రెండు గంటలు వస్తున్నది. మరి పనికిరానిదయ్యింది ఏది?

వార్డెన్ ఎవరు?

కంప్యూటర్‌ను ఒక హాస్టల్ అనుకోండి. మనం వాడే బ్రౌజరు, వర్డ్, సినిమా ప్లేయరు వగైరా అందులో వుండే విద్యార్థులు. ఎవరికి ఏ గది ఇవ్వాలి, నీళ్లు ఎవరికి ఎప్పుడు వదలాలి, గేటు దగ్గర ఎవర్ని ఆపాలి అన్నవన్నీ చూసుకునే వార్డెనే ఆపరేటింగ్ సిస్టం. విండోస్ ఒక వార్డెన్. లినక్స్ ఇంకొక వార్డెన్. భవనం అదే, విద్యార్థులు వేరు కావచ్చు, వార్డెన్‌ను మార్చుకోవచ్చు. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. కొన్ననాడు లోపల ఏది వుందో అదే కంప్యూటర్ అనుకుంటాం.

ఈ రెండో వార్డెన్ కథ క్లుప్తంగా చెప్పుకోవాలి. 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ అనే పథకాన్ని ప్రకటించాడు. సాఫ్ట్‌వేరును ఏ పనికైనా వాడుకునే స్వేచ్ఛ, అది ఎలా పనిచేస్తుందో చదివి మార్చుకునే స్వేచ్ఛ, ఇతరులకు పంచే స్వేచ్ఛ, మార్చినదాన్ని కూడా పంచే స్వేచ్ఛ – ఈ నాలుగూ వుండాలన్నది ఆయన వాదం. 1991 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రవాడు తాను సరదాగా ఒక చిన్న వ్యవస్థ రాస్తున్నానని ప్రకటించాడు. ఆ సరదాయే లినక్స్. అతను కూడా అప్పటికి మనలాంటి విద్యార్థే అన్న సంగతి ఈ సావనీర్ చదివేవాళ్లు గుర్తుంచుకోవాలి.

ఒక అపోహ పోగొట్టుకుందాం. స్వేచ్ఛ అంటే కేవలం ఉచితం కాదు. మన గదుల్లో విండోస్ కూడా చాలావరకు ‘ఉచితం’గానే వస్తున్నది – ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన దొంగ కాపీ! డబ్బు కట్టలేదు గనుక ఉచితమే, కాని దాంతో పాటు లోపలికి ఏం వచ్చిందో ఎవరికీ తెలియదు. నా క్లాస్‌మేట్ ఒకడు అలాంటి కాపీ తాళం తీసే ప్రోగ్రాం వేసి, దాంతో వచ్చిన వైరస్‌కు రెండేళ్ల నోట్సు మొత్తం సమర్పించుకున్నాడు. లినక్స్‌లో దొంగతనం అవసరమే లేదు. కాపీ చేసి పదిమందికి పంచడం అక్కడ నేరం కాదు, హక్కు.

ఇప్పటికే మన జేబులో

లినక్స్ అంటే ఏదో ఇంజనీర్ల వ్యవహారమని జంకేవాళ్లకు ఒక మాట. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోను వుంటే మీరు ఇప్పటికే లినక్స్ వాడుతున్నారు. ఆండ్రాయిడ్‌కు కింద వున్న పునాది అదే. ప్రపంచంలో అతి వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా తీస్తే, 2017 నవంబరు జాబితా నుంచి అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. అంత పెద్ద యంత్రానికీ, అంత చిన్న ఫోనుకీ పనికొచ్చినది మధ్యలో వున్న మన లాప్‌టాప్‌కు ఎందుకు పనికిరాదు?

మన హైదరాబాదు ఈ విషయంలో రెండు ముఖాలున్న ఊరు. మైక్రోసాఫ్ట్ 1998లో ఇక్కడ తన అభివృద్ధి కేంద్రం పెట్టింది. 2014లో ఆ కంపెనీకి అధిపతి అయిన సత్య నాదెళ్ల ఈ ఊళ్లో చదువుకున్నవాడే. అదే ఊళ్లో 2005లో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో మాట్లాడే లినక్స్‌ను తయారుచేసింది. మెనూలు, ఆజ్ఞలు, బటన్లు అన్నీ తెలుగులో. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లో కూడా తెలుగు వుంది. కేరళ ఇంకా ముందుకు పోయింది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం ద్వారా ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ చదువును క్రమంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదకు మార్చారు. అక్కడ పదో తరగతి పిల్లలు ఐటీ పరీక్ష రాసేది దాని మీదనే. మలయాళీ పిల్లలకు చేతనైంది మనకు చేతకాదా?

అయితే ఇంకో వైపు కూడా చూడాలి. జర్మనీలోని మ్యూనిక్ నగర పాలక సంస్థ 2003లో మారాలని తీర్మానించి, సుమారు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌లోకి మార్చింది. 2017లో మళ్లీ విండోస్‌కే పోదామని ఓటు వేసింది. కారణాల మీద ఇరుపక్షాలకూ తగాదా వుంది. మనం నేర్చుకోవలసింది మాత్రం స్పష్టం: ఇతరులతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునేవాడు తనొక్కడే మారితే రోజూ ఏదో ఒక పేచీ వస్తుంది.

ఎవరు మారాలి, ఎవరు ఆగాలి?

1. బ్రౌజరే ప్రపంచంగా వున్నవాళ్లు. నోటిఫికేషన్ చూడడం, దరఖాస్తు నింపడం, హాల్‌టికెట్ తీసుకోవడం, వీడియో పాఠాలు వినడం, పీడీఎఫ్ చదవడం. పోటీ పరీక్షలకు తయారయ్యేవారి పని నూటికి తొంభై పాళ్లు ఇదే. వీళ్లు నిరభ్యంతరంగా మారవచ్చు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ రెండూ లినక్స్‌లో వున్నాయి.

2. ప్రాజెక్టు రిపోర్టు, వ్యాసాలు రాసేవాళ్లు. లిబ్రె ఆఫీస్ చాలు. అయితే వర్డ్‌లో చేసిన ఫైలు అందులో తెరిచినప్పుడు పట్టికలు, మార్జిన్లు కొంచెం కదులుతాయి. లెక్చరర్ గారికి ఇచ్చేటప్పుడు పీడీఎఫ్‌గా మార్చి ఇస్తే ఆ గొడవ లేదు. ఉద్యోగాల్లో ఎక్సెల్ అడుగుతారు గనుక దాని అలవాటు వదలవద్దు. వర్డ్, ఎక్సెల్ బ్రౌజరులోనే ఉచితంగా దొరుకుతున్నాయి.

3. టాలీ నేర్చుకునే బి.కాం. మిత్రులు, ఫొటోషాప్ మీద బతికేవాళ్లు ఆగాలి. అవి లినక్స్‌లో నేరుగా నడవవు. ఇంటి దగ్గర నుంచి నిఘా సాఫ్ట్‌వేరుతో పరీక్ష రాయవలసినవాళ్లు కూడా ముందు ఆ సాఫ్ట్‌వేరు దేనిమీద నడుస్తుందో కనుక్కోవాలి.

4. తెలుగు డీటీపీ చేసేవాళ్లు. వీళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. అసలు ముడి ఇక్కడే వున్నది.

తెలుగు ముడి

మన తెలుగు ముద్రణలో పెద్ద భాగం చాలా ఏళ్లపాటు పేజ్‌మేకర్ మీద, అను వంటి ఫాంట్ల మీద నడిచింది. కంప్యూటర్లకు తెలుగు రాని రోజుల్లో పత్రికలకు, పుస్తకాలకు, పెళ్లి శుభలేఖలకు అక్షరం పెట్టింది ఆ ఫాంట్లే. ఆ మేలు మరిచిపోకూడదు. కాని పేజ్‌మేకర్ చివరి వెర్షను 2001 నాటిది. ఆ ఫాంట్ల పద్ధతి కూడా పాతది. అందులో తెలుగు ‘క’ నిజంగా ‘క’ కాదు. లోపల ఏదో ఇంగ్లీషు అక్షరమో, గుర్తో వుంటుంది. దాని మీద ఫాంటు తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తొడుగు పోయి లోపలి పిచ్చిగీతలు బయటపడతాయి.

యూనికోడ్ పద్ధతి వేరు. అందులో ‘క’కు 3093 అని ఒక అంకె వుంది. అది విండోస్‌లోనైనా, లినక్స్‌లోనైనా, ఫోనులోనైనా ఆ అంకే. తిరుమల కృష్ణ దేశికాచారి గారు తయారుచేసి స్వేచ్ఛా లైసెన్సుతో వదిలిన పోతన, వేమన ఫాంట్లు లినక్స్ పంపిణీల్లో దొరుకుతాయి. టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్ వుంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతులూ వున్నాయి. పేజీలు కూర్చడానికి స్క్రైబస్ వుంది, కొత్త వెర్షన్లలో మన ఒత్తులు, గుణింతాలు సరిగా పడుతున్నాయి. అయినా పాత పద్ధతికి అలవాటుపడ్డ చేతికి ఇవేవీ ఒక్క వారంలో రావు.

ఈ ముడి ఎంత గట్టిదో నాకు ఈ సావనీర్ పనిలోనే తెలిసింది. ఒక పూర్వ విద్యార్థి రాసిన పాత వ్యాసాన్ని మళ్లీ వేద్దామని సంఘం వాళ్లు అనుకున్నారు. వెతగ్గా వెతగ్గా ఒక సీడీ దొరికింది. ఫైలు తెరుచుకుంది, అక్షరాలు మాత్రం లేవు. తెర నిండా గీతలు, చుక్కలు, ఇంగ్లీషు ముక్కలు. నారాయణగూడలో మూడు చోట్ల తిరిగాం. ఆ ఫాంటు తమ దగ్గర ఎప్పుడో పోయిందన్నారు. చివరికి అచ్చయిన కాపీ ముందు పెట్టుకుని నేనూ, మరో మిత్రుడూ రెండు రాత్రులు కూర్చుని మొత్తం తిరిగి టైపు చేశాం. కాగితం మీద అచ్చు నిలిచింది, కంప్యూటర్‌లో దాచింది పోయింది! ఆ కాగితం కూడా దొరకకపోతే ఆయన రాసిన మాట ఈ కాలేజీకి దక్కేది కాదు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఆపరేటింగ్ సిస్టం మార్చడం రెండో మెట్టు. మొదటి మెట్టు మన ఫైళ్లను విడిపించుకోవడం. తెలుగు యూనికోడ్‌లో వుంటే, రాతలు ఏ ప్రోగ్రామైనా తెరవగల రూపంలో వుంటే, రేపు ఏ వార్డెన్ వచ్చినా మన సామాను మనదే. అలా లేకపోతే ఎంత ఖరీదైన యంత్రం కొన్నా మనం అద్దెకున్నట్టే.

మారేదెలా?

ముందు మీ ఫైళ్లన్నీ వేరే డిస్కులో కాపీ చేసుకోండి. ఇది మరిచినవాడు తరవాత నన్ను తిట్టి లాభం లేదు. లినక్స్ మింట్ వంటిది దించుకుని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించండి. దానికి 2 జీబీ మెమరీ, 20 జీబీ చోటు వుంటే కనీసం సరిపోతుంది. 4 జీబీ వుంటే హాయి. లోపల ఏమీ చెరపకుండా పెన్‌డ్రైవ్ మీదనుంచే నడిపి చూడవచ్చు. వైఫై వస్తున్నదా, శబ్దం వస్తున్నదా, తెలుగు కనిపిస్తున్నదా చూసుకుని, అప్పుడు స్థిరంగా వేసుకోండి. చోటుంటే విండోస్‌ను పక్కన వుంచుకోనూవచ్చు.

మావాడి యంత్రంలో మొదట వైఫై రాలేదు. ఫోనును తీగతో కలిపి ఇంటర్నెట్ తెచ్చి, కావలసిన డ్రైవరు దించేసరికి రెండు సాయంత్రాలు పట్టింది. మధ్యలో వాడు “నా పాతది నాకియ్యరా బాబూ” అన్నాడు కూడా. అడగడానికి షాపు లేదు. మన వీధుల్లో రిపేరు చేసేవాళ్లలో ఎక్కువమందికి విండోసే అలవాటు. ఈ కష్టాన్ని దాచిపెట్టి లినక్స్‌ను పొగడడం మోసం. డబ్బు ఖర్చు కాదు గాని ఓపిక ఖర్చవుతుంది. తెలిసినవాడు ఒకడు పక్కనుంటే ఆ ఖర్చు సగమవుతుంది.

ఆ పక్కనుండేవాళ్లు మనమే ఎందుకు కాకూడదు? సంఘానికి నా మనవి రెండే. ఏడాదికి రెండు ఆదివారాలు కాలేజీలో ఒక గది అడిగి తీసుకుని, పాత లాప్‌టాప్ తెచ్చిన ఎవరికైనా లినక్స్ వేసిపెడదాం. అశోక్‌నగర్ గదుల్లో వుండేవాళ్లకు కబురు పెడితే చాలు, గది నిండుతుంది. రెండోది, ఈ సావనీర్‌తో మొదలుపెట్టి ప్రతి సంచికనూ యూనికోడ్‌లో భద్రపరిచి గ్రంథాలయానికి ఒక ప్రతి ఇద్దాం. ఇంకో ముప్ఫై ఏళ్లకు ఎవరో తమ్ముడో చెల్లెలో ఈ వ్యాసం వెతికితే, రెండు రాత్రులు కూర్చుని టైపు చేసే బాధ వాళ్లకు వుండదు.

మావాడి లాప్‌టాప్ ఇప్పటికీ నడుస్తున్నది. పొద్దున్నే దాన్ని సంచిలో వేసుకుని చిక్కడపల్లి లైబ్రరీకి పోతున్నాడు. కొత్తదానికి పెట్టవలసిన డబ్బు వాళ్ల నాన్న దగ్గరే వుంది.