గోవా చౌక.. సముద్రం బంద్‌!

ఆఫ్‌ సీజన్‌ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు క్యాంపు కుటుంబాలు వేసుకోవాల్సిన లెక్క

సింధనూరు: ఏప్రిల్‌, మే నెలల్లో రాయచూరు జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. ఎండ కోసం చేతి డబ్బు పెట్టుకుని ఎక్కడికో వెళ్లాల్సిన ఖర్మ మనకు లేదు. అది వాకిట్లోనే కావాల్సినంత దొరుకుతుంది. అయినా సరే.. రెండో పంట కోసి, వడ్లు మిల్లుకు చేరి, ఎరువుల కొట్టు బాకీ తీరాక ప్రతి ఇంట్లో ఒక మాట లేస్తుంది. 'ఈసారన్నా ఎక్కడికన్నా పోదామా?' అని. పిల్లల నోట ముందుగా వచ్చే పేరు గోవా. సరిగ్గా అదే సమయానికి సెల్‌ఫోన్లలో ప్రకటనలు మొదలవుతాయి. 3 రాత్రులు, 4 పగళ్లు.. సగం ధరకే హోటలు, టిఫిను, సైట్‌ సీయింగు!

సగం ధరకు ఎందుకిస్తున్నారో మాత్రం ఆ ప్రకటనలో ఉండదు.

ఎండే అక్కడి సరుకు

గోవాలో ధరల్ని నడిపేది ఎండ. చలి దేశాల నుంచి చార్టర్‌ విమానాల్లో వచ్చే సందర్శకుల రాక అక్టోబరులో మొదలై ఎండాకాలం ముదిరేసరికి తగ్గిపోతుంది. డిసెంబరులో ఇంగ్లండులోనో రష్యాలోనో నాలుగింటికే చీకటి పడుతుంటే, వాళ్లకు ఇసుకలో పడుకుని ఒళ్లు కాచుకోవడమే పెద్ద భాగ్యం. అందుకే క్రిస్మస్‌, కొత్త సంవత్సరం రోజుల్లో గది అద్దె ఆకాశంలో ఉంటుంది. జూన్‌ మొదటి వారంలో రుతుపవనం తాకగానే అదే గది నేల మీదికి దిగుతుంది.

వాన అంటే మన వాన కాదు. రాయచూరు జిల్లాలో ఏడాది పొడవునా పడేది సుమారు 600 మిల్లీమీటర్లు. గోవాలో దాదాపు 3,000. అదీ ఎక్కువ భాగం జూన్‌ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. మనకు ఐదేళ్లలో పడే వాన అక్కడ నాలుగు నెలల్లో పడుతుందన్నమాట.

దాంతో ఏమవుతుంది? సముద్రం పోటెత్తుతుంది. జూన్‌ నుంచి సెప్టెంబరు దాకా ఈతకు దిగొద్దని లైఫ్‌గార్డులు ఎర్ర జెండాలు పాతుతారు. పారాసెయిలింగ్‌, జెట్‌ స్కీ వంటివి ఆపేస్తారు. ఇసుక మీద వేసే పాకల హోటళ్లకు మే 31తో గడువు తీరుతుంది, వాటిని విప్పేసుకుని వెళ్లిపోతారు. జూన్‌ 1 నుంచి జులై 31 వరకు 61 రోజులు మర పడవల చేపల వేట నిషేధం. తాజా చేప తగ్గుతుంది, ధర పెరుగుతుంది. ప్రకటనలో బొమ్మగా వేసే దూధ్‌సాగర్‌ జలపాతానికి కులేం నుంచి వెళ్లే జీపులు కూడా వానాకాలంలో తిరగవు. పట్టాల వెంట నడిచి వెళ్లడాన్ని రైల్వే ఒప్పుకోదు.

ఇంతకీ కలంగూట్‌, బాగా బీచ్‌ల పేర్లు ప్యాకేజీలో ఉంటాయి. అబద్ధమేమీ కాదు. బస్సు అక్కడ ఆగుతుంది. దిగి గొడుగు కింద నుంచి సముద్రాన్ని చూసి ఎక్కడమే.

మన ఖాళీ.. వాళ్ల ఖాళీ

తెలిసి తెలిసి జూన్‌లోనే ఎందుకు పోవాలి అని ఎవరైనా అడగవచ్చు. దానికి జవాబు తుంగభద్ర ఎడమ కాలువలో ఉంది. 1950లలో ఆనకట్ట వచ్చాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి సింధనూరు, మాన్వి, గంగావతి చుట్టూ క్యాంపులు వేసుకున్న కుటుంబాలకు క్యాలెండరంటే కాలువే. జులైలో నీళ్లు వదిలితే నాట్లు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు. గోవాలో ఎండ హాయిగా, సముద్రం నెమ్మదిగా ఉండే రోజులు సరిగ్గా అవే. ఆ సమయంలో కోత మిషన్‌ కోసం వెంట పడేవాడికి బీచ్‌ గుర్తుకొస్తుందా? జనవరిలో మళ్లీ నాట్లు. ఏప్రిల్‌, మే నెలల్లో రెండో కోత. అన్నీ తేలి ఊపిరి తీసుకునేసరికి మే చివరి వారం. అప్పటికి కర్ణాటక బడులు తెరిచే రోజులు, గోవాలో పాకలు విప్పే రోజులు.

మన ఖాళీ, వాళ్ల ఖాళీ ఒకటే కావడం యాదృచ్ఛికమేమీ కాదు. రెండింటినీ నడిపేది ఒకే రుతుపవనం. మనం దాని కోసం ఎదురుచూస్తాం, వాళ్లు దానికి తలుపులు మూసుకుంటారు.

కాలువ మాట వచ్చింది కనుక ఇంకో సంగతి. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. తర్వాత మొత్తం 33 గేట్లూ మార్చాలని, అందుకోసం 2025-26లో రెండో పంటకు నీళ్లు ఇవ్వకూడదని నిర్ణయించారు. అలాంటి ఏడాది రైతుకు జనవరి నుంచి జూన్‌ దాకా తీరికే తీరిక. జేబులో మాత్రం ఒక్క పంట డబ్బే. కౌలు కట్టేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఈ మనిషి ముందుకే 'ఇప్పుడు వెళ్లండి.. నెలనెలా కట్టండి' అనే ఆఫర్‌ వస్తుంది. ఊరట కోసం మనసు లాగే వేళ అది. కానీ వచ్చే పంటను నమ్ముకుని వాయిదాలు పెట్టుకునే అలవాటు ట్రాక్టరు దాకా సరే, విహారానికి వద్దు. నీళ్లు రాని ఏడాది గోవా చూడకపోతే కొంపలేమీ మునగవు.

నాలుగు పగళ్లలో ఎన్ని పగళ్లు?

డబ్బు ఉన్నవాళ్లైనా కాగితం మీద లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు తలకు రూ.6,999 ప్యాకేజీ అనుకుందాం. భార్యాభర్తలు, 14 ఏళ్ల అమ్మాయి, 8 ఏళ్ల అబ్బాయి. చిన్న అక్షరాల్లో 'ఇద్దరు ఒక గదిలో ఉంటే' అని ఉంటుంది. చాలా ప్యాకేజీల్లో 12 ఏళ్లు దాటిన పిల్లలు పెద్దల లెక్కే. చిన్నవాడికీ మంచం కావాలంటే నలుగురికీ కలిపి రూ.27,996. పైన 5 శాతం జీఎస్టీ పడితే దాదాపు రూ.29,400. అందులో టిఫినే ఉంటుంది, మధ్యాహ్నం భోజనం మనదే. ప్రయాణ ఖర్చు మనదే. గోవాలో దిగాకే ప్యాకేజీ మొదలవుతుంది.

ఇక రోజులు. మొదటి రోజు గది తాళం ఇచ్చేది మధ్యాహ్నం 2 గంటలకు. తెల్లవారుజామున దిగినవాళ్లు సామాను పక్కన పెట్టుకుని రిసెప్షన్‌ సోఫాల్లో కునుకు తీయాల్సిందే. నాలుగో రోజు ఉదయం 10, 11 గంటలకు ఖాళీ చేయాలి. అంటే నాలుగు పగళ్లలో నిండు పగళ్లు రెండే. ఆ రెండింటిలో ఒకటి ఉత్తర గోవా బస్సు, ఒకటి దక్షిణ గోవా బస్సు. నిండు పగలు ఒక్కింటికి దాదాపు 14,700 పడింది. వాన వదలకపోతే ఆ పగలు కూడా హోటల్‌ కిటికీ దగ్గరే. సగం ధర అన్నమాట అప్పుడు ఎంతవరకు నిజమో ఇంటాయన, ఇల్లాలు కలిసి తేల్చుకోవాలి.

జీఎస్టీ గురించి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు ఉన్న హోటల్‌ గదులపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. విడిగా గది తీసుకునేవారి దగ్గర ఇప్పటికీ 12 శాతం వేస్తే అడగాల్సిందే.

వాన కోసమైతే వెళ్లొచ్చు

అంతమాత్రాన జూన్‌ గోవా పనికిరాదని కాదు. దేనికి వెళ్తున్నామో తెలిసి వెళ్తే అంత చౌకలో అంత పచ్చదనం ఇంకెక్కడా దొరకదు. మే నెలంతా వేడిగాలికి మాడిన కళ్లకు ఆ కొండల మీద దిగే మబ్బే చాలు. ఓల్డ్‌ గోవా చర్చిలు వానలోనూ తెరిచే ఉంటాయి. ఫోండా దగ్గర మంగేశి, శాంతాదుర్గ ఆలయాల్లో రద్దీ తక్కువ.. పెద్దవాళ్లకు తృప్తి. జూన్‌ 24న సావ్‌ జావ్‌ పండుగ, తలకు పూల కిరీటాలు పెట్టుకుని ఊళ్లో కుర్రాళ్లు బావుల్లోకి దూకడం చూడాల్సిన సంబరం. కర్ణాటకకు, గోవాకు నీళ్ల తగవు తెచ్చిన మహదాయి నదిలో రాఫ్టింగ్‌ నడిచేది కూడా వానాకాలంలోనే. అయితే పిల్లలు సముద్రంలో ఆడాలని, కుర్రాళ్లు జెట్‌ స్కీ ఎక్కాలని బయల్దేరితే.. వెళ్లి ఏడ్చి రావడమే.

అన్నిటికన్నా పెద్ద వినోదం ప్యాకేజీలో ఉండదు. అది రైలు. వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్‌ బళ్లారి, హోస్పేట, కొప్పళ మీదుగా హుబ్బళ్లి చేరి, లోండా దాటాక కాజిల్‌రాక్‌-కులేం ఘాట్‌ దిగుతుంది. నిండు వానలో దూధ్‌సాగర్‌ కిటికీ పక్కనే పాలధారలా కనిపిస్తుంది. జీపు లేదని బాధపడక్కర్లేదు. సింధనూరుకు కూడా 2024లో రైలు వచ్చింది. హుబ్బళ్లి దాకా అందులో పోయి బండి మారవచ్చు. సొంత కారులో వెళ్తామనేవాళ్లు కాస్త ఆలోచించాలి. రాయచూరు నుంచి పణజికి 400 కిలోమీటర్ల పైమాటే. వానాకాలంలో అన్మోడ్‌, చోర్లా ఘాట్లలో చరియలు విరిగిపడటం, చెట్లు కూలడం మామూలు. తిరుగు ప్రయాణంలో కారు డిక్కీలో సీసాలు సర్దుకొచ్చే సరదా ఉన్నవారికి సరిహద్దులో ఎక్సైజ్‌ చెక్‌పోస్టులు ఉంటాయని గుర్తుచేస్తే చాలు.

ఇక పొదుపే ముఖ్యమైతే గోవా దాకా ఎందుకు? కార్వార, గోకర్ణ, మురుడేశ్వర మన కర్ణాటకలోనివే. 2023 జూన్‌ 11న మొదలైన శక్తి పథకం కింద రాష్ట్రం లోపల మామూలు సర్కారు బస్సుల్లో కర్ణాటక చిరునామా ఉన్న మహిళలకు టికెట్‌ లేదు. గోవా సరిహద్దు దాటితే అది చెల్లదు. వాన అక్కడా అంతే, సముద్రం అక్కడా దూకుడే. ఖర్చు మాత్రం తక్కువ.

కట్టే ముందు అడగండి

బేరం ఆడేటప్పుడు మొహమాటం వద్దు. వాన వల్ల సైట్‌ సీయింగ్‌ రద్దయితే డబ్బు తిరిగిస్తారా, ఇంకో రోజు చూపిస్తారా? నాట్లు ముందే పడి ప్రయాణం మానుకుంటే ఎంత కోస్తారు? హోటల్‌ పేరు రాసిస్తారా, 'దానికి సమానమైనది' అని వదిలేస్తారా? ఈ మూడింటికి కాగితం మీద జవాబు ఇవ్వనివాడి దగ్గర సగం ధరైనా ఎక్కువే. వీలైతే సైట్‌ సీయింగ్‌ వదిలేసి, గది, టిఫిను మాత్రం తీసుకోవడం మేలు. వాన తెరిపిచ్చినప్పుడు ఆటో మాట్లాడుకోవచ్చు. లక్కీ డ్రాలో ఉచిత విహారం తగిలిందంటూ దంపతుల్ని హోటల్‌కు పిలిచి, గంటల కొద్దీ కూర్చోబెట్టి సభ్యత్వం అంటగట్టే వాళ్ల జోలికి అసలే పోవద్దు.

పెద్ద కంపెనీ అయితే భయం లేదనుకోవడమూ పొరపాటే. 178 ఏళ్ల చరిత్ర ఉన్న బ్రిటన్‌ థామస్‌ కుక్‌ 2019 సెప్టెంబరు 23న మూతపడితే లక్షన్నర మంది బ్రిటిష్‌ యాత్రికులు విదేశాల్లో చిక్కుకుపోయారు. (మన దేశంలో అదే పేరున్న సంస్థ వేరు, దానికి దీంతో సంబంధం లేదు.) అక్కడ విమాన ప్యాకేజీలకు ముందే ఒక హామీ పథకం ఉంది కనుక వాళ్లను ప్రభుత్వం ఇంటికి చేర్చింది. మనకు తేడా వస్తే దిక్కు వినియోగదారుల కమిషనే. రూ.5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. ముందు 1915 నంబరుకు ఫోన్‌ చేసి ఫిర్యాదు రాయించవచ్చు. రసీదు, ప్రకటన, వాట్సాప్‌ మాటలు దాచి ఉంచుకోవాలి.

మరి పిల్లలకు సముద్రం చూపించాలనే పట్టుదల ఉన్నవాళ్లు? వాళ్లకు జూన్‌ కాదు, మే మొదటి పక్షమే దారి. ఉక్కపోత ఉంటుంది, గది ధర జూన్‌ కంటే ఎక్కువుంటుంది. కానీ పాకలు తెరిచే ఉంటాయి, ఎర్ర జెండా లేని చోట పిల్లలు నీళ్లలో దిగవచ్చు, బడి సెలవులు ఉంటాయి. ఉన్న చిక్కల్లా కోతే. 2024 నవంబరు నుంచి రైలు టికెట్లు 60 రోజుల ముందే ఇస్తున్నారు. మే 5న బయల్దేరాలంటే మార్చి 6న బుక్‌ చేయాలి. ఆనాటికి పొలంలో వరి పొట్ట మీద ఉంటుంది. మే 5 నాటికి కోత మిషన్‌ వస్తుందో రాదో ఎవరు చెప్పగలరు? ఇద్దరు అన్నదమ్ములు, లేదా బావాబావమరుదులు ఉన్న ఇళ్లలో ఒక ఏడాది ఒకరు పొలం చూసుకుంటే ఇంకొకరి కుటుంబం వెళ్లిరావచ్చు. పై ఏడు వంతు మారుతుంది.