కారు పాటలో ఇంజన్ ఈల ఎలా కలుస్తుంది?

కారులో విడిగా ఆంప్లిఫయర్ బిగించిన తర్వాత పాట వెనుక సన్నని ఈల వినబడటం, యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ దాని శ్రుతి పైకి పోవడం తరచుగా ఎదురయ్యే సమస్య. దీనికి మూలం ఆల్టర్నేటర్, అంటే ఇంజన్ తిప్పుతుండగా విద్యుత్తును పుట్టించి బ్యాటరీని ఛార్జి చేసే యంత్రం. అందులో పుట్టే ఏకాంతర విద్యుత్తును డయోడ్లు ఏకముఖ విద్యుత్తుగా మార్చినా, సుమారు 14 వోల్టుల మీద చిన్న చిన్న అలలు మిగిలిపోతాయి. 12 ధ్రువాలున్న ఆల్టర్నేటర్ ఒక చుట్టు తిరిగితే ఇటువంటి అలలు 36 ఏర్పడతాయి కనుక, అది నిమిషానికి 2,000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 1,200 అలలు, వేగం మూడింతలైనప్పుడు 3,600 అలలు వస్తాయి. మనిషి చెవి అతి చురుకుగా పట్టుకునే పరిధి సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ కావడం వల్ల ఈ అలలు బలహీనమైనవైనా సులభంగా వినబడతాయి.

ఈ అలలు పాటలోకి చొరబడే దారులు ప్రధానంగా రెండు. మొదటిది ప్రేరణ. డ్యాష్‌బోర్డులోని స్టీరియో నుంచి డిక్కీలోని ఆంప్లిఫయర్‌కు పాటను మోసుకుపోయే ఆర్‌సీఏ కేబుల్‌లో సంకేతం గరిష్ఠంగా రెండు నుంచి నాలుగు వోల్టులే ఉండి, పాట మెల్లగా సాగే చోట్ల కొన్ని మిల్లీవోల్టులకు పడిపోతుంది. బ్యాటరీ నుంచి అదే ఆంప్లిఫయర్‌కు వచ్చే పవర్ కేబుల్‌లో మాత్రం పదుల ఆంపియర్ల కరెంటు పారుతుంది. మారుతున్న అయస్కాంత క్షేత్రం దగ్గరలోని తీగల వలయంలో వోల్టేజిని పుట్టిస్తుందని మైకేల్ ఫారడే 1831లోనే నిరూపించాడు. ఇళ్ళ వైరింగులో కరెంటు వెళ్ళే తీగా తిరిగివచ్చే తీగా పక్కపక్కనే ఉండి వాటి క్షేత్రాలు చాలావరకు రద్దవుతాయి గాని, కారులో కరెంటు తిరుగు ప్రయాణం ఇనుప బాడీ గుండా సాగడం వల్ల పవర్ కేబుల్ ఒంటరిదై, దాని క్షేత్రం దూరంతో పాటు నెమ్మదిగానే తగ్గుతుంది. 50 ఆంపియర్లు పారే తీగకు ఒక సెంటీమీటరు దూరంలో 1,000 మైక్రోటెస్లాలుండే క్షేత్రం, మీటరు దూరంలో 10కి దిగుతుంది. ఇందులో నిలకడగా ఉండే భాగం హాని చేయదు. అలల వల్ల మారే భాగమే ఈలగా మారుతుంది.

అందుకే పవర్ కేబుల్‌ను కారుకు ఒక పక్కగా, ఆర్‌సీఏ కేబుల్‌ను మరో పక్కగా లాగి, ఎక్కడైనా దాటక తప్పకపోతే లంబకోణంలో దాటించడం ఆనవాయితీ అయింది. కేబుల్ చుట్టూ ఉండే లోహపు అల్లిక విద్యుత్ క్షేత్రాన్ని ఆపగలదు గాని, ఈ పౌనఃపున్యాల అయస్కాంత క్షేత్రాన్ని దాదాపు ఆపలేదు. ఆ పని మెలివేసిన తీగల జతే మెరుగ్గా చేస్తుంది, ఎందుకంటే ప్రతి మెలికలోనూ పుట్టే వోల్టేజి పక్క మెలికలోని దానికి వ్యతిరేకంగా ఉంటుంది. టెలిఫోన్ తీగల కోసం ఈ పద్ధతికి అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1881లో పేటెంటు పొందాడు. స్పీకర్ తీగల విషయంలో ఇంత పట్టింపు అనవసరం, వాటిలో సంకేతం అప్పటికే బలపడి ఉంటుంది.

రెండో దారి ఎర్త్. స్టీరియో ఎర్త్ డ్యాష్‌బోర్డు దగ్గర, ఆంప్లిఫయర్ ఎర్త్ డిక్కీలో ఉన్నప్పుడు, ఆ రెండూ ఒకే బాడీకి బిగించినవే అయినా వాటి వోల్టేజి ఒకటిగా ఉండదు. దారిలో కేవలం 5 మిల్లీఓమ్‌ల నిరోధం ఉండి 20 ఆంపియర్లు పారితే 100 మిల్లీవోల్టుల తేడా వస్తుంది. ఆర్‌సీఏ కేబుల్ పై అల్లిక ఆ రెండు చోట్లనూ కలిపి వలయాన్ని పూర్తి చేస్తుంది; ఆ అల్లికే పాట సంకేతానికి కూడా తిరుగు దారి కనుక, ఆల్టర్నేటర్ అలలు నేరుగా పాటలో కలుస్తాయి. దీనిని గ్రౌండ్ లూప్ అంటారు. కేబుల్‌ను ఏ మూల నుంచి లాగినా ఈ లోపం పోదు. ఆంప్లిఫయర్ దగ్గర రంగు పూర్తిగా గీకి, మెరిసే లోహానికి, పవర్ కేబుల్ అంత మందమున్న తీగను అరమీటరుకు మించకుండా బోల్టుతో గట్టిగా బిగించడమే దీనికి సరైన చికిత్స. ఆర్‌సీఏ కేబుల్ మధ్యలో పెట్టే చౌక ఐసోలేటర్లు ఈలను ఆపుతాయి గాని, వాటిలోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ గంభీర స్వరాలను పలచబరుస్తుంది.

ఏ దారి దోషమో తేల్చడానికి మరో ఆర్‌సీఏ కేబుల్‌ను సీట్ల మీదుగా, పవర్ కేబుల్‌కు దూరంగా తాత్కాలికంగా వేసి చూడాలి. ఈల పోతే తప్పు పాత కేబుల్‌దో, అది వెళ్ళిన దారిదో. పోకపోతే కొత్త కేబుల్ కొనే ముందు ఎర్త్ బోల్టు విప్పి చూడటం మంచిది.